అరచేతి సరస్వతి: మన బడులలో బహుమానముల కథ

ఏటేట మాఘ ఫాల్గుణములు వచ్చుసరికి మన పల్లెబడులలో ఒక సందడి బయలుదేరును. పెద్ద పరీక్షలు దగ్గరపడియుండును. అయినను ఆ నాలుగు దినములు పిల్లల మనస్సు పుస్తకములపై నిలువదు, బడి ముంగిట వేయబోవు పందిరిపై నిలుచును. ఎండ చల్లబడిన పిమ్మట శామియానా క్రింద బల్లలు చేర్చి, వానిపై తెల్లని దుప్పటి పరచి, మైకు సవరించి, ఒక్కొక్క పేరే పిలుతురు. పిలుపందుకొన్న బిడ్డ బెదురుచూపులతో వేదిక ఎక్కి, పుస్తకమో, పళ్లెమో, మెరుగు పూసిన జ్ఞాపికయో పుచ్చుకొని, దిగునప్పుడు మాత్రము పరుగెత్తుకొని వచ్చును. తరువాత ఉపాధ్యాయులకు శాలువాలు కప్పుదురు. వెనుక నిలుచున్న తల్లులు ఎవరి బిడ్డ పేరు మైకులో వినబడిన వారు కొంగుతో కన్నులొత్తుకొందురు.

నల్లమల కొండల అంచున, అచ్చంపేటకు చేరువనున్న బల్మూరు అట్టి ఊళ్లలో ఒకటి. 2016 అక్టోబరు 11వ తేదీ వరకు అది మహబూబునగరు జిల్లాలోనిది. ఆనాటి నుండి నాగరుకర్నూలు జిల్లాలో ఒక మండల కేంద్రము. ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది బల్మూరు బడి ఒక్కదాని కథ కాదు. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమలలో నేడు ప్రతి మండలమునందును జరుగు ఈ బహుమతి సభ ఎక్కడినుండి వచ్చినది? పూర్వులు దేనిని మెచ్చి బహుమానమిచ్చిరి? మనము దేనిని మెచ్చి ఇచ్చుచున్నాము? ఈ మూడు ప్రశ్నలను శ్రోతల ముందుంచుటయే మా పని.

ఇది యావత్తును తెల్లవారు తెచ్చిన వేడుక యని తలచువారు కలరు. అందు కొంత సత్యము లేకపోలేదు. సంవత్సరాంతమున ఒక దొరను ఆహ్వానించుట, ప్రధానోపాధ్యాయుడు నివేదిక చదువుట, దొరసాని చేతులమీదుగా పుస్తకములు పంచుట, ఇవి ఇంగ్లీషు పాఠశాలలతో వచ్చిన పద్ధతులే. కాని బహుమానమన్నది వారికంటె ముందే మన బడిలో ఉన్నది. దానికి సాక్ష్యము చెప్పినవాడు కూడ ఒక తెల్లదొరయే కావడము విశేషము.

1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన ఏలుబడిలోని జిల్లాలన్నింట ఎన్ని బడులు కలవో, ఎందరు పిల్లలు చదువుచున్నారో లెక్కించి పంపుడని కలెక్టరులను కోరెను. జిల్లాలనుండి వచ్చిన లెక్కలన్నియు కూడగా 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలిరి. కలెక్టరులలో కొందరు అంకెలు వ్రాసి చేతులు దులుపుకొనిరి. బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ మాత్రము 1823 ఆగస్టు 17న పంపిన జాబులో బడి లోపలికి తొంగిచూచి, అక్కడ జరుగునదంతయు వ్రాసెను. ఈయనకు తెలుగు బాగుగా వచ్చును. 1816లోనే తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణము వ్రాసి ప్రకటించినవాడు. ఆనాటి బళ్లారి జిల్లా నేటి బళ్లారి కాదు. ఆదవాని, అనంతపురము ప్రాంతములు అప్పుడు దానిలోనివే. తుంగభద్ర దాటిన ఆవలి గట్టు గద్వాల సీమ. కనుక ఆయన చూచిన బడి మన పొరుగుబడియే.

ఆ జిల్లాలో ఆయన లెక్కించిన బడులు 533. అందు కన్నడము చెప్పునవి 235, తెలుగు చెప్పునవి 226. తక్కినవి మరాఠీ, పారసీ, సంస్కృతము, అరవము చెప్పునవి, ఇంగ్లీషుది ఒక్కటి. చదువుకొను పిల్లలు 6,641 మంది. బడి ఉదయము ఆరు గంటలకు తెరచెడివారట. అందరికంటె ముందుగా వచ్చిన పిల్లవాని అరచేతిలో పంతులు సరస్వతి పేరు వ్రాసెడివాడట. అది గౌరవ చిహ్నము. రెండవవాని చేతిలో సున్న చుట్టెడివాడు. మెచ్చుకోలును లేదు, తప్పును లేదని దాని అర్థము. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆ తరువాత వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్కటి ఎక్కువ.

దెబ్బల మాట అటుంచుడు. వానిని మెచ్చుకొనుట మా ఉద్దేశము కాదు. ఇరువదవవాడుగా వచ్చిన పసివాని గతి తలచుకొన్న మనకే అరచేతులు మండును. కాని ఆ మొదటి బహుమానము చూడుడు. దానికి కాసు ఖర్చు లేదు, అతిథి అవసరము లేదు. తెలివిగలవానికే దక్కునన్న నియమమును లేదు. ఓనమాలు దిద్దుకొను చిన్నవాడైనను కోడికూతతో లేచి పరుగెత్తివచ్చిన యెడల, పద్యములు వల్లించు పెద్దవానిని దాటి సరస్వతిని అందుకొనగలడు. సాయంత్రమునకు ఆ వ్రాత చెరిగిపోవును. మరునాడు మరల గెలుచుకొనవలసినదే. మనకు తెలిసినంతలో తెలుగు పిల్లవానికి బడిలో దొరికిన తొలి బహుమానము మార్కులకు కాదు, వచ్చినందుకు.

ఆ జాబులోనే మరియొక సంగతి కలదు. ఆ బడులలో పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చదువు చెప్పించు పద్ధతిని ఆయన మెచ్చుకొని, దానిని ఇంగ్లండు అనుకరించుట తగినదే యని వ్రాసెను. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర పాఠశాల నడపిన డాక్టరు ఆండ్రూ బెల్ ఈ తీరును ఇంగ్లండుకు కొనిపోయి ప్రచారము చేసిన సంగతి విద్యాచరిత్రలో ప్రసిద్ధము. ఇచ్చుట ఒకవైపు నుండియే జరుగలేదన్నమాట.

అయితే ఆ బడి ముంగిట ఎందరు నిలువగలిగిరి? ఆరువేల ఆరువందల పైచిలుకు పిల్లలలో బాలికలు అరువదిమందియే. జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైమాట. బడికి వచ్చు బిడ్డలు ఏడువేలకు లోపు. పూర్వము బడులుండిన అనేక గ్రామములలో ఇప్పుడు లేవనియు, జనుల పేదరికమే దానికి కారణమనియు క్యాంబెల్ దాచక వ్రాసెను. ఇంగ్లీషు నూలుబట్టలు వచ్చి నేతగాండ్ర నోటిలో మన్ను కొట్టినవి. పనికి చేతులు సాగిన వెంటనే ఆ బిడ్డ చేతులు కుటుంబమునకు కావలసివచ్చినవి. ఈ మాట శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను; బల్మూరు దగ్గర మరల దీని అవసరము కలుగును.

ఇక ఉపాధ్యాయుల సన్మానము. పాత బడిలో అయ్యవారికి ప్రత్యేక సభ లేదు, దసరా ఉండెను. తెలుగునాట పలుచోట్ల నవరాత్రులలో పంతులు తన పిల్లలనందరను వెంటబెట్టుకొని ఊరిలో ఇల్లిల్లు తిరిగెడివాడు. పిల్లలు క్రొత్తబట్టలు కట్టి, రంగుకాగితములు చుట్టిన విల్లంబులు పట్టి, గుమ్మము ముందు నిలిచి పాటలు పాడెడివారు. ఆ పాటలో ఏ సంకోచమును లేక పంతులుకు రొక్కమును తమకు పప్పుబెల్లములను అడిగెడివారు. ఇంటి యజమాని తన పిల్లవాడెంతవరకు నేర్చెనో ఆ గుమ్మము వద్దనే పరీక్షించెడివాడు. ఒక పద్యము చెప్పుమనును, ఒక లెక్క అడుగును. పిల్లవాడు తడుముకొనక చెప్పిన పంతులు మొగము వికసించును, తాంబూలములో కాసులు పెరుగును. నేటి సభలో శిష్యుని జ్ఞాపిక వేరు, గురువు శాలువా వేరు. ఆ దసరా గుమ్మమున రెండును ఒకే పళ్లెరములో వచ్చెడివి. అందు యాచన ఉన్నదని చిన్నచూపు చూచినవారు లేకపోలేదు. కాని నెలజీతమెరుగని ఆ కాలమున ఊరు తన పంతులును ఏడాదికొకసారి లెక్కకు తెచ్చుకొన్న తీరు అది.

ఇంత చిన్న బహుమానములున్న సీమలోనే మిక్కిలి పెద్ద బహుమానములును ఉండినవి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు, గోపాలుపేట సంస్థానములు కృష్ణా తుంగభద్రల నడుమను, కృష్ణకు ఈవలను వరుసగా నిలిచి కవిపండితులను పోషించినవి. వానిలో గద్వాలకు విద్వద్గద్వాల యనియే పేరు. ఏటేట కార్తిక మాఘ మాసములలో అక్కడ విద్వత్సభలు జరిగెడివి. దూరదేశములనుండి కాలినడకను, బండ్లమీదను పండితులు వచ్చి చేరెడివారు. శాస్త్రములలో వాదములు, కవిత్వములో పరీక్షలు, అవధానములు జరిగిన పిమ్మట యోగ్యతను బట్టి శాలువలు, నగదు సంభావనలు అందెడివి. జంటకవులు దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తమ అవధానయాత్రలలో గద్వాలకును ఆత్మకూరునకును వచ్చి సన్మానములు పొందినవారే. ఆ సంస్థానముల గుణదోషములను తన సహజమైన చమత్కారముతో చెళ్లపిళ్లవారు తరువాత వ్రాసికొనిరి.

నేటి బహుమతి సభను చూచినపుడు మాకు ఇంగ్లీషు పాఠశాలకంటె గద్వాల కొలువే ఎక్కువగా జ్ఞప్తికి వచ్చును. భుజముపై శాలువ, మెడలో దండ, ఎవరిని ముందు పిలువవలెనను తర్జనభర్జన, పిలువనివారి అలుక, ఇవన్నియు అక్కడినుండి దిగివచ్చినవే. ఒక్కటి మాత్రము మనము అక్కడనే విడిచివచ్చితిమి. సంస్థానము తాను మెచ్చిన పండితునకు ఒకనాటి సంభావన ఇచ్చి ఊరకుండెడిది కాదు. పలువురకు వార్షికము ఏర్పాటు చేసెడిది. ఏటేట ఆ దినమునకు ఆ మొత్తము ఆ పండితునకు చేరవలసినదే. మెప్పు ఒక సాయంత్రముతో ముగియలేదు, ఏండ్లతరబడి అన్నము పెట్టినది.

దీనికి మరియొక ముఖమును కలదు. ఆ కొలువునకు వచ్చినవారు అప్పటికే సిద్ధులైన విద్వాంసులు. కోట గుమ్మము ముందు గొర్రెలు తోలుకొని పోవు బాలుని పేరు ఏ మాఘమాసమునను ఎవరును పిలువలేదు. పండితులను పోషించిన సంస్థానముల పల్లెలలో వ్రాత నేర్చినవారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే. శిఖరము బంగారము, పునాది మన్ను. ఈ వ్యత్యాసమును చూడక సంస్థానములను కొనియాడుట చరిత్ర కాదు.

చెళ్లపిళ్లవారి కథలో మన విషయమునకు పనికివచ్చు చివరి ముక్క ఒకటి మిగిలినది. సంస్థానముల శాలువలు కప్పుకొన్న ఆ మహాకవి తరువాత బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా చేరి, సుద్దముక్క పట్టి పాఠము చెప్పెను. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము వంటివారు ఆయన శిష్యులు. 1949లో చెళ్లపిళ్ల వారికి మద్రాసు ప్రభుత్వము ఆస్థానకవి పదవి ఇచ్చినది. విశ్వనాథకు 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము లభించినది. ఏ సభలోనైనను ఉపాధ్యాయుని విజయమును గూర్చి ప్రసంగించువారు ఈ రెండు సన్మానములను కలిపి చదువుకొనవలెను.

నిజాం రాజ్యములో వేదిక ఎక్కుటయే ఒక సమస్య. ఉన్నత పాఠశాలలలో బోధన ఉర్దూలో జరిగెడిది. తెలుగు బిడ్డ మొదట పరభాష నేర్చి, పిమ్మట లెక్కలు నేర్వవలెను. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనిలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడుటకు నిలువగా సభలోనివారు చప్పట్లు చరచి, గోల చేసి, ఆయనను కూర్చుండబెట్టిరి. ఆ రాత్రి కలిగిన రోషమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఎనిమిదేండ్ల తరువాత, 1929లో, గస్తీ 53 అను ఉత్తరువు వచ్చినది. ముందుగా అనుమతి పొందక సభలు జరుపరాదని దాని సారాంశము. ప్రజలు సొంతముగా నడుపుకొను ఖాన్గీ బడులపై అంతకుముందే ఆంక్షలు బిగిసియుండెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్రమహాసభలో విద్యావిషయము ముఖ్యస్థానము పొందినదన్న ఆశ్చర్యము లేదు. నేడు మైకు ముందు నిలిచి తడబడుచు నాలుగు తెలుగు మాటలు పలుకు ఆరవ తరగతి బాలికకు ఈ సంగతి తెలియదు. తెలుపుట ఆమె ఉపాధ్యాయుల పని. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యాసంవత్సరమునుండి ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. దాని బాగోగుల చర్చ ఇది కాదు గాని, వేదికపై స్వాగతోపన్యాసము పూర్తిగా ఇంగ్లీషున సాగినచో వెనుక వరుసలోని తల్లి మరల సభకు వెలుపలనే మిగులునని మాత్రము మేము మనవి చేయుచున్నాము.

పాలమూరు సీమ పిల్లలకు చదువు దారి వేసినవారిలో ఇద్దరిని తలచుట ధర్మము. వనపర్తి సంస్థానములోని రాయణిపేటలో 1869లో పుట్టి, హైదరాబాదు నగరమునకు కొత్వాలు అయిన రాజా బహదూర్ వేంకటరామారెడ్డి ఒకరు. 1918లో ఆయన చొరవతో వెలసిన రెడ్డి హాస్టలు పల్లెలనుండి వచ్చిన పిల్లలకు రాజధానిలో నీడ అయినది. రెండవవారు గద్వాల సీమవాడైన సురవరము ప్రతాపరెడ్డి. ఆ హాస్టలునకు కొన్ని ఏండ్లు కార్యదర్శిగా ఉండి, దాని గ్రంథాలయమును పెంచి, 1926లో గోలకొండ పత్రిక స్థాపించెను. 1953 ఆగస్టులో ఆయన కన్నుమూసెను. రెండేండ్లకు, 1955లో, కేంద్ర సాహిత్య అకాడమి తెలుగునకు తన తొలి పురస్కారము ప్రకటించినపుడు అది ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు వచ్చినది. తెలుగున మొదటి అకాడమి బహుమానము పాలమూరు వానిదే. పుచ్చుకొనుటకు ఆయన లేడు.

1949లో జాగీరుల రద్దుతో సంస్థానముల కాలము ముగిసినది. ఆ కోటల గతి ఏమయ్యెనో చూచిన మనస్సుకు ఒక తృప్తి కలుగును. వనపర్తి రాజప్రాసాదములో 1959లో పాలిటెక్నిక్ వెలసినది. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేర ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఏర్పడినది. విద్వత్సభలు జరిగిన ప్రాకారములోనికి, ఒకనాడు దాని గోడ ప్రక్కన గొర్రెలు తోలుకొని పోయినవారి మనుమలు, మనుమరాండ్రు పుస్తకములు పట్టుకొని ప్రవేశించిరి.

ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారములు 1958లో ఆరంభమైనవి. సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయిన 1962 నుండి ఆయన జన్మదినమగు సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవమైనది. రాష్ట్ర, జిల్లా స్థాయిల పురస్కారములు తరువాత వచ్చినవి. ఇవన్నియు మంచివే. కాని బల్మూరు వంటి చోట ఒక ఉపాధ్యాయుడు సాధించినదేమో రాజధానిలో కూర్చుండి తెలిసికొనుట కష్టము. ఎందువలననో చెప్పవలెను.

1951 జనాభా లెక్కలలో హైదరాబాదు రాష్ట్రమున చదువను వ్రాయను వచ్చినవారు నూటికి పదిమందికి మించలేదు. మహబూబునగరు జిల్లాలో 1991లో సైతము అక్షరాస్యులు నూటికి ముప్పదికి లోపే. 2011 లెక్కలలో ఆ సంఖ్య 55.04కు పెరిగినది, అయినను అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములోని 23 జిల్లాలలో అదియే అట్టడుగు. స్త్రీలలో అప్పటికిని సగముమందికి అక్షరములు రావు. ఇది పిల్లల మందబుద్ధి కాదు, ఉపాధ్యాయుల అలసత్వమును కాదు. పాలమూరు కూలి దేశమంతట ప్రసిద్ధుడు. ఆనకట్టలు, కాలువలు, రహదారులు కట్టినవాడు ఆతడే. వానకారు పంట ఇంటికి రాగానే గుంపుమేస్త్రీ ముందుగా సొమ్మిచ్చి పిలుచుకొనిపోవును. భార్యాభర్తలు బయలుదేరుదురు. బిడ్డను ముసలమ్మ వద్ద విడిచిన బడి సాగును. వెంటబెట్టుకొని పోయిన ఆగును. కొన్ని ఇండ్లలో పెద్దబిడ్డ చదువు చిన్నబిడ్డను ఎత్తుకొనుటతోనే ముగిసెడిది. 1823లో క్యాంబెల్ వ్రాసిన కారణము నదిని దాటి వచ్చి ఇక్కడ కాపురమున్నది.

అందుకే ఈ సీమలో ఒక బిడ్డ పదవ తరగతి వరకు బడి మానక వచ్చుటయే ఒక విజయము. ఆ విజయము వెనుక ఉన్నవారెవరు? వలస పోవుచున్న తల్లిదండ్రులను బస్సు ఎక్కుచోట ఆపి, పిల్లను వసతిగృహములో చేర్పించి పొండని బతిమాలిన సారు ఉండును. ఆంధ్రప్రదేశ్ పాఠశాలలలో 2003 జనవరిలో మధ్యాహ్న భోజనము మొదలైన నాటినుండి, పొగలో కన్నులు మండుచుండగా అన్నము వండి వడ్డించు స్త్రీలుందురు. బిల్లు ఆలస్యమైన నెలలో అప్పు తెచ్చి పొయ్యి వెలిగించినవారు వారిలో ఎందరో. సిబ్బంది సన్మానమన్నపుడు ఆ వంటవారి పేర్లు పట్టికలో ఉన్నవా యని చూచుకొనవలెను. మా అనుభవమున అనేక సభలలో ఉండవు. నల్లమల లోపలి పెంటలనుండి చెంచు బిడ్డ బయటి వసతిగృహమునకు వచ్చి, అడవిని తలచుకొని ఏడ్చి, అయినను పండుగ సెలవుల తరువాత తిరిగివచ్చిన యెడల, ఆ తిరిగివచ్చుటకు మార్కులు వేయు పరీక్ష ఇంకను పుట్టలేదు.

పదవ తరగతిలో ప్రథమ స్థానము పొందినవానికి మొదటి బహుమానమిచ్చుట న్యాయమే. దానిని తగ్గింపుమని మేమనము. కష్టపడి చదివిన బిడ్డకు ఊరంతయు ఎదుట చప్పట్లు కొట్టవలసినదే. కాని సభలలో హాజరు బహుమతి గతి చూచితిమి. ఆటల బహుమతులు, పాటల బహుమతులు, మార్కుల బహుమతులు ముగిసి, అతిథులు గడియారము చూచుకొని లేచి, శామియానావాడు త్రాళ్లు విప్పుచుండగా, ఏడాదిలో ఒక్కదినమును తప్పక వచ్చిన పిల్ల పేరు చదువుదురు. క్యాంబెల్ చూచిన బడిలో ఆ పిల్ల పేరే మొదటిది. అరచేతి సరస్వతి ఆమెదే. వరుస తిరగవేయుటకు ధనము అక్కరలేదు, ఉత్తరువును అక్కరలేదు. పట్టిక వ్రాయు ఉపాధ్యాయుని కలము చాలును.

బహుమానము తరువాతి మాట ఒకటి చెప్పవలసియున్నది. బల్మూరునకు పొరుగు మండలము లింగాల. అందలి అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయించి వీరుల కథలు పాడువాడు. ఆ విద్య బడిలో నేర్చినది కాదు, తండ్రితాతలనుండి వచ్చినది. తెలంగాణ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి సాంఘికశాస్త్ర పుస్తకములో ఆయనను గూర్చి పాఠముంచినది. 2022లో భారత ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చినది. నల్లమల అంచు పల్లెలనుండి ఢిల్లీ వేదిక ఎక్కిన ఆ పిలుపును విని ఈ సీమ గర్వించినది. రెండేండ్లు తిరిగిన పిమ్మట, 2024 మే నెలలో, ఆ పద్మశ్రీ గ్రహీత హైదరాబాదు పొలిమేరలో ఇల్లు కట్టుచోట కూలిపని చేయుచున్నాడని పత్రికలు వ్రాసినవి. గద్వాల కొలువులో వార్షికమను పద్దు ఎందుకుండెనో అప్పుడు చాలమందికి అర్థమైనది.

అందుచే బల్మూరు సీమ పాఠశాలలవారు ఈ ఏడు సభకు పట్టికలు సిద్ధపరచునపుడు పాతపట్టికలను కూడ ఒకసారి తీసి చూడవలెనని మా మనవి. మూడేండ్ల క్రిందట, అయిదేండ్ల క్రిందట వేదిక ఎక్కి జ్ఞాపిక పుచ్చుకొన్న పిల్లలు ఇప్పుడెక్కడ ఉన్నారు? ఎవరు అచ్చంపేటలోనో నాగరుకర్నూలులోనో కళాశాలకు పోవుచున్నారు? ఎవరు మేస్త్రీ వెంట పోయిరి? ఎవరికి పెండ్లి చేసి పంపిరి? ఆ ఇండ్ల తలుపులు తట్టుటకు సభకు ముందు ఒక ఆదివారము చాలును. పేర్లన్నియు పాత హాజరుపట్టీలలోనే ఉన్నవి.